నీళ్ల కాయిదం

మంజీర నీళ్లు తాగి పెరిగినోన్ని. ఆ మంజీర మీద ఒట్టు, నక్షలు గీసి నాకు బువ్వ పెట్టిన రూలింగ్ పెన్ను మీద ఒట్టు, ఇంక చాలకపోతే నా రెండు కండ్ల మీద ఒట్టు: ఈ కింద రాసిన దాంట్ల ఒక్క మాట గూడ అబద్ధం లేదు. నన్ను ఎరిగినోళ్లు ఈపాటికే నవ్వుతుంటరు. నవ్వనియ్యిండ్రి. సంగారెడ్డి బస్సుల నా పక్క సీట్ల చిరుతపులి కూసున్న సంగతి, కండక్టరు దానికి గూడ టికెటు కొట్టిన సంగతి నా నోటి నుంచి ఇన్నోళ్లు వాళ్లు. అది వేరే, ఇది వేరే.

మొన్న మా పాత ఆఫీసుకు పోతే, ఆడ కొత్తగ చేరిన ఇంజనీరమ్మ నన్ను కంప్యూటరు ముందల కూసోబెట్టి, కట్టే జాగ ఎట్ల ఎంచుతరో చూపెట్టింది. జీఐఎస్ అట. తెర మీద ఒక నక్ష. మీట నొక్కితే దాని మీద రోడ్ల పొర పడ్డది. ఇంకోటి నొక్కితే ఎత్తుపల్లాల పొర. తర్వాత నేల, తర్వాత నీళ్లు. పనికిరాని జాగలన్ని ఎర్రగ అయిపోయినయి, ఆఖరుకు పచ్చగ ఒక ముక్క మిగిలింది.

"ఇదిగో సార్, ఇక్కడ కట్టొచ్చు. మీ కాలంల ఇవన్ని ఎక్కడియి?" అన్నది.

"నీళ్ల పొర ఎవరిచ్చిండ్రు తల్లీ?"

"ఊర్లల్ల అడిగి రాసుకొచ్చింది సార్."

చాయ్ తాగొస్తనని లేచి బయటికొచ్చిన. చాయ్ తాగలే. ఆ దినమే ఇది రాసుడు మొదలుపెట్టిన.

ఎందుకంటే మా కాలంల గూడ ఇవన్ని ఉండె. కంప్యూటరు లేకుండె, అంతే. దాని బదులు ఒక పాత తలుపు ఉండె.

డెబ్బైలు మొదలైన కాలం. సంగారెడ్డిల ఒక కిరాయి ఇంట్ల మా ఆఫీసు. తలుపు రెక్క ఊడదీసి, నడిమిట్ల చెక్క కోసి, అద్దం బిగిచ్చి, ఇటుకల దిమ్మెల మీద పండబెట్టినం. అద్దం కింద కరెంటు బలుపు. దాని మీద గంజి పెట్టిన ట్రేసింగు గుడ్డలు ఒకదాని మీద ఒకటి పరుస్తుంటిమి. గుడ్డే అయినా మేము కాయిదమనే అంటుంటిమి. అన్నిట్ల ఒకటే ఇలాక, ఒకటే కొలత. ఒకటి రోడ్ల కాయిదం, ఒకటి గుట్టల కాయిదం, ఒకటి నేల కాయిదం, ఒకటి నీళ్ల కాయిదం. కట్టడానికి పనికిరాని జాగ యాడుంటే ఆడ నల్లసిరా నింపాలె. రోడ్డుకు దూరమైతే నలుపు. బండలుంటే నలుపు. నల్లరేగడి అయితే నలుపు, పునాది నిలవదని. బాయి కింద పారే తరి పొలమైతే నలుపు, పండే భూమి జోలికి పోవద్దని. నాలుగు పరిచి కింద బలుపు ఏస్తే, యాడ నుంచి వెలుగు పైకొస్తదో అదే కట్టే జాగ. కరెంటు పోతే నాలుగు కలిపి కిటికీకి ఆనిచ్చి ఎండల చూస్తుంటిమి.

ఆ నలుపు నింపేటోన్ని నేను. ట్రేసరు. టెంపరరీ. చెడిపోయిన గుడ్డలు ఇంటికి తీసుకపోతే మా అమ్మ గంజి పోయేదాక ఉతికి దస్తీలు కుట్టేది. నా జేబుల సగం జిల్లా ఉంటుండె.

మా సారు కోస్తా దిక్కు నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయన మీద ఒక్క చాడీ అన్న చెప్పాలని ఇన్నేండ్ల నుంచి దేవులాడుతున్న, దొరుకుతలేదు. పైస ముట్టడు. ఎండల కొలత గొలుసు పట్టుకొని మాతోని సమానంగ నడిచేటోడు. తరి పొలం వదిలిపెట్టాలని పైనోళ్లతోటి కొట్లాడి నియమం పెట్టిచ్చింది గూడ ఆయనే. "అన్నం పెట్టే నేల మీద గోడ లేపితే మహాపాపమయ్యా" అంటుండె.

పటాన్‌చెరుకు, సంగారెడ్డికి నడుమ ఒక పెద్ద కార్ఖానకు, దాని క్వార్టర్లకు జాగ చూసుడు మా పని. కిష్టారెడ్డిపేట దిక్కు చూసినం, గుండ్లు. పటేల్‌గూడ దిక్కు చూసినం, మంచి జాగలన్ని అప్పటికే వేరే కార్ఖానలకు ఇచ్చేసిండ్రు. హత్నూర దిక్కు చూసినం, పెద్ద సడక్ దూరం. నేను నలుపు నింపి నింపి వేళ్లు గూడ నల్లబడ్డయి. ఆఖరుకు ఒక్క ముక్క మిగిలింది. దాంట్ల రోడ్డు దగ్గర, బండ లేదు, ఎర్రనేల. నీళ్ల సంగతి ఒక్కటే తేలాలె.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంట అన్నడు. "ఇదీ నల్లబడిందంటే ఆఫీసు ఎత్తేసి ఇంకో జిల్లాకు పోవడమేనయ్యా. తెల్లగా తేలిందా, ఇక్కడే ఉంటాం. నిన్ను పర్మనెంటు చెయ్యమని నేనే రాస్తాను."

ఆ ముక్క నడిమిట్ల మా మేనమామ ఊరు ఉన్నది.

ఆ ఊరి పేరు నేను ఈడ రాయను. ఇప్పుడు ఆ పేరుతోటి ఒక బస్టాపు మాత్రమే మిగిలింది. నాకు చిన్నప్పుడే తండ్రి పోతే మామ నన్ను ఆ ఊర్లనే పెంచి, సంగారెడ్డిల చదివిచ్చిండు. మామకు ఉన్నది నాలుగెకరాలు, దాంట్ల ఒక మోటబాయి. వేరే ఆస్తి లేదు, పిల్లలు లేరు. ఆ బాయిలనే నేను ఈత నేర్చిన. వానకాలం గట్టు మీద పండుకొని చెయ్యి సాపితే నీళ్లు అందేవి. ఒకసారి మామ గట్టు మీద సద్ది ఇప్పి, జొన్నరొట్టె పక్కన పెట్టి, ఉల్లిగడ్డ గుద్దుతున్నడు. బాయిల నుంచి ఒక కొర్రమీను ఎగిరింది, రొట్టె నోట కరుచుకున్నది, మల్ల బాయిల దుంకింది. నేను కండ్లార చూసిన. ముందే ఒట్టేసిన కద.

ఇగ మా దిక్కు ఒక అలవాటు చెప్పాలె. నైజాం కాలంల బాయి కింద తరి పారితే ఒక పన్ను, వానకు పండే ఖుష్కి అయితే అంతకంటె చాన తక్కువ. పన్ను లెక్కలు రాసే గిర్దావరు గుర్రం ఊరి పొలిమేరల కనపడితే చాలు, మోట ఊడబీకి ఇంట్ల దాచేది. బాయి మూతికి తాటిమొద్దులు అడ్డమేసి, కంప కప్పి, మీద జొన్నసొప్ప పరిచేది. అడిగితే ముసలి ముతక అందరిది ఒకటే మాట: నీళ్లు లేవు దొరా, అంత బీడే. పట్వారికి ఏటా వడ్లు ముడుతయి గనుక ఆయన గూడ రికార్డుల ఖుష్కి అనే రాసేటోడు. గుర్రాలు పోయినయి, నైజాం పోయిండు. అలవాటు పోలే. సర్కారు జీపు చప్పుడైతే మా మామ ఊర్ల పదకొండు బాయిలు పదకొండు సొప్ప కుప్పలయ్యేటియి.

జీపు రేపొస్తదనంగ, పొద్దు గుంకక ముందే సైకిలేసుకొని మామ ఇంటికి పోయిన. ఇంట్ల మామ, అత్త ఇద్దరే. మామ మోట తోలును అటుక మీదికి ఎక్కిస్తుండు. అత్త పొయ్యి కాడ రొట్టెలు కొడుతున్నది.

"మామా, ఈపారి బాయి మూయకు."

"ఎందుకురా?"

"వీళ్లు పన్ను కోసం వస్తలేరు. నీళ్లున్న పొలం వదిలేస్తరు. నీళ్లున్నయని చెప్పు, నేను నల్లగ నింపుత. నలుపు పడితే నీ నాలుగెకరాలు బతుకుతయి."

మామ అటుక మీద నుంచే నా దిక్కు చూసి అడిగిండు. "నీళ్లున్నయంటే సర్కారోడు వదిలేసి పోతడా?"

"పోతడు."

"నీళ్లు లేవంటే తీసుకుంటడా?"

"తీసుకుంటడు మామా, నిజంగ."

"ఇన్నవానే?" మామ అత్తను పిలిచిండు. "సర్కారోనికి మంచి భూమి వద్దట. నీళ్లు లేని బీడయితేనే కావాల్నట. అల్లుడు చెప్తుండు."

"అమ్మ మీద ఒట్టు మామా!"

"మీ అమ్మ మీద ఆ బస్సుల పులికి గూడ ఒట్టేసినవు కదరా. అది దిగిందా, ఇంక సంగారెడ్డి దాక పోయి వస్తనే ఉన్నదా?"

నేను ఏడుపు మొకం పెట్టిన. మామ నవ్వు ఆపుకుంట అటుక దిగొచ్చి నా వీపు మీద చరిచిండు. అత్త కంచంల రొట్టె ఏసి, "ఆ ముచ్చట ఇడువు అల్లుడా, బువ్వ తిను" అన్నది. తిన్న. నిజం చెప్పినా నమ్మేటోడు లేని బతుకు నాదని తొవ్వ పొడుగున నన్ను నేనే తిట్టుకుంట సంగారెడ్డికొచ్చిన.

తెల్లారి జీపుల పోయినం. ఎండకాలం. కోతలయి, దుక్కులు గూడ దున్నిండ్రు. యాడ చూసినా ఎర్రటి మట్టిపెళ్లలు. ఊరోళ్లందరు కండువలు భుజాన ఏసుకొని పెండ్లికి ఎదురొచ్చినట్టు వచ్చిండ్రు.

సారు చాన మర్యాదగ అడిగిండు. "ఇక్కడ బావులేమైనా ఉన్నాయా అండీ?"

"ఉండె సారు, మా తాతల కాలంల. పూడిపోయినయి" అని ఒకడు.

"తాగెటందుకే లేవు, పొలానికి యాడియి?" అని ఇంకోడు. వాని పంచె అంచుకు పొలం బురద ఇంక ఆరలే.

అట్ల నడుచుకుంట పోయి సారు సరిగ్గ మామ బాయి కాడ, ఆ సొప్ప కుప్పకు రెండడుగుల దూరంల నిలబడ్డడు. అప్పుడు సొప్ప కింద నుంచి కప్ప అరిచింది. పెద్ద కప్ప. బాయిల అరిచిన కప్పకు వడ్ల గుమ్మిల మాట్లాడినట్టు గొంతుంటది.

మామ ఖంగుమని దగ్గిండు. కప్ప మల్ల అరిచింది. మామ పక్కనున్న ఇద్దరు దగ్గిండ్రు. కప్ప ఆపుతలేదు. ఇగ ఊరంత అందుకున్నది. ముసలోళ్లు, ఆడోళ్లు, పట్వారి గూడ దస్తీ నోటికి అడ్డం పెట్టుకొని దగ్గుతుండు.

"ఏమిటిది, ఊళ్ళో అందరికీ దగ్గేనా?" సారు గాబరాపడ్డడు.

"దుమ్ము సారు" అన్నడు మామ కండ్లెంబడి నీళ్లు కారంగ. "నీళ్లు లేకపాయె. ఎండ దుమ్ముకు గిట్ల దగ్గి దగ్గి సస్తున్నం."

సారుకు జాలేసింది. నా దిక్కు తిరిగిండు. "నీది ఈ పక్కేగా. వీళ్ళు నీళ్ళు లేవంటున్నారు. నిజమేనా?"

మామ నన్ను చూసిండు. ఊరంత నన్ను చూసింది. ఇంతమందిల మేనమామను అబద్ధాలకోరును ఎట్ల చేసేది? నేల చూసుకుంట అన్న. "వాళ్లు చెప్పిందే సార్."

సారు కాయిదం తీసి రాసిండు: ఈ ఇలాకల పారే బాయి లేదు, తరి లేదు, అంత ఖుష్కి. కింద ఊరోళ్లు వేలిముద్రలేసిండ్రు. మామ ముద్ర అన్నిటికంటె ముందు. జీపు సడక్ ఎక్కినంక ఎనుకకు చూస్తే వాళ్లు ఒకళ్ల భుజాలు ఒకళ్లు చరుచుకుంట నవ్వుతుండ్రు.

ఆఫీసుల నీళ్ల కాయిదం నా ముందట పెట్టిండ్రు. నింపెటందుకు ఏం లేదు. నాలుగు పరిచి బలుపు ఏసిన. మామ ఊరి మీద నుంచి వెలుగు మొకానికి కొట్టింది. పొద్దు పొడుపు కూడ అంత తెల్లగ ఉండదు.

వానలు పడకముందే నోటీసులొచ్చినయి. మామ, ఇంకో పదిమంది సంగారెడ్డికి ఉరికొచ్చిండ్రు. ఆఫీసు గడప కాడ్నే ఒకటే మొత్తుకునుడు. "సారూ, మా కాడ నీళ్లున్నయి! పదకొండు బాయిలున్నయి సారూ!"

సారు వేలిముద్రల కాయిదం తీసి చూపెట్టిండు. "మీరేగా లేవన్నారు?"

"అబద్ధమాడినం సారూ!"

"ఇప్పుడాడేది అబద్ధం కాదని ఎలా నమ్మనయ్యా? భూమి పోతుందంటే ఎవరైనా ఇలాగే అంటారు."

అట్లన్నడు గాని ఆయన మనసు ఒప్పలే. తెల్లారి నన్ను ఒక్కన్నే తీసుకొని జీపుల ఊరికి పోయిండు. మామ సొప్ప లాగిండు, కంప లాగిండు, తాటిమొద్దులు తీసిండు. సారు వంగి చూసిండు. నిండు వేసవిల గూడ నిలువెత్తు నీళ్లు, అద్దం లెక్క. దాంట్ల సారు మొకం, పక్కన మామ మొకం, ఎనుక నా మొకం కనపడ్డయి. కప్ప మాత్రం ఆ దినం నోరిప్పలే.

సారు నడుము ఎత్తి అడిగిండు. "ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఎందుకు చెప్పలేదయ్యా?"

మామ అన్నడు. "మీరు సర్కారు కద సారూ."

సారు హైదరాబాదు పోయిండు, మూడుసార్లు పోయిండు. ఫైలు మీద పెద్దోళ్ల సంతకాలయినయి, ఇగ కదలదన్నరు. పట్వారి రికార్డు ఖుష్కి అన్నది, ఊరి వేలిముద్రలు ఖుష్కి అన్నయి, నా కాయిదం తెల్లగ ఉన్నది. నష్టపరిహారం గూడ ఖుష్కి భూమి లెక్కనే కట్టిండ్రు. తరతరాలు పన్ను తప్పిచ్చుకున్న మాట అట్ల ఒక్కసారే తిరిగొచ్చింది. ఆ తర్వాత సారు అడిగి మరీ బదిలీ చేయించుకొని పోయిండు. పోయే ముందు నా గురించి రాస్తనన్నది రాసే పోయిండు.

గోడ కట్టిండ్రు. కట్టెటందుకు నీళ్లు యాడియంటే మామ బాయిలయి. ఆ సిమెంటు మామ నీళ్లతోటే కలిసింది. తర్వాత బోర్లేసిండ్రు, బాయి అక్కెర తీరింది. గోడ లోపల మురికి నీళ్లు పోసే గుంత చేసిండ్రు దాన్ని. ఒకసారి పని మీద లోపలికి పోయి చూసిన. రంగుల మీద నేను చాన కథలు అల్లిన గాని, ఆ నీళ్ల రంగుకు నా కాడ మాట లేదు.

మామ, అత్త పటాన్‌చెరుల ఒక అర్ర కిరాయికి తీసుకున్నరు. మామ వేరేటోళ్ల గోదాముల మూటలు మోసిండు. పొద్దున బోరింగు కాడ బిందె పట్టుకొని లైన్ల నిలబడేటోడు. నేను పోయినప్పుడల్ల ఒకటే అడిగేది.

"నౌకరి పక్కా అయ్యిందారా?"

"అయ్యింది మామా."

"మంచిగయ్యింది."

అంతే. మల్ల పోయినా అదే అడిగేది, నేను అదే చెప్పేది. ఆ బోరింగు లైన్లనే ఒక దినం కూలబడి పానం ఇడిసిండు.

ఇగ ఒట్టు సంగతి. ఇంత పొడుగు రాసినంక ఒక్కటి ఒప్పుకోవాలె. ఇందుల ఒకటి నేను పుట్టిచ్చిన. కొర్రమీను రొట్టె ఎత్తుకపోయిందనుకుంటరు మీరు. కాదు. అది జరిగింది, మామ సచ్చేదాక నవ్వుకుంట చెప్పుకున్నడు. కప్ప, దగ్గులు గూడ జరిగినయి. నేను పుట్టిచ్చింది ఆ సాయంత్రం.

సైకిలు మీద పోయింది నిజమే. మామ అటుక మీద ఉన్నది నిజమే. నేను "మూయకు" అనలే. అడిగింది మామ. "రేపు మీ సారొస్తుండట. గీ జాగ ఎందుకు కొలుస్తుండ్రో నీకెరుకుంటది. మేమేం చెప్పాల్నో చెప్పు అల్లుడా" అన్నడు. నా చేతిల రొట్టె ముక్క ఉండె. నీళ్లున్నయంటే కాయిదం నల్లబడుతది, ఆఫీసు లేస్తది, నేను మల్ల ఇంట్ల కూసుంట. ఆ లెక్క నాకు రొట్టె నమిలినంత సేపు గూడ పట్టలే.

"ఎప్పటి లెక్కనే చెప్పుండ్రి మామా" అన్న. "నీళ్లు లేవనుండ్రి."

పులి ముచ్చట నమ్మనోడు, ఆ మాట నమ్మిండు. అల్లుడు ఆఫీసుల ఉన్నడు, మనకేం రంది అని అత్తతోటి అన్నడు. ఆ తర్వాత అంత పోయినంక గూడ, అల్లుడు గిట్ల చెప్పిండని ఊర్ల ఒక్కనితోటి అనలే.

మొత్తుకున్నా మామ ఇనలేదన్న కథ నేను మొదలు చెప్పింది మామ దినాలనాడు. మిగిలిన పది బాయిలోళ్లు చుట్టు కూసున్నరు. నవ్వి నాతోని ఒట్లేయించేటోళ్లు, ఆ దినం ఒక్కరు నవ్వలే. "పాపం పిలగాడు చెప్పనే చెప్పిండు, మనోడే ఇనలే" అని తలకాయలు ఊపిండ్రు. ఒకడు నా కండ్లు గూడ తుడిచిండు.

ఆ సాయంత్రం ఆ ఇంట్ల ఉన్నది ముగ్గురం. ఒకరు పోయిండ్రు. అత్త తలుపు కాడ నిలబడి నా కథ మొత్తం ఇన్నది. అయిపోయినంక ఇస్తారి తెచ్చి నా ముందట ఏసింది.

"అల్లుడా, బువ్వ తిను" అన్నది.